ఆ ఏడు రోజుల సంగతి

ఆపరేషన్ అనగానే మనకు మత్తు గురించే భయం. మత్తుతో పాటు కండరాలను సడలించే మందు కూడా ఇస్తారన్న సంగతి చాలామందికి తెలియదు. ఊపిరి తీసే కండరాలూ సడలిపోతాయి గనక అంతసేపూ యంత్రమే ఊపిరి పోస్తుంది. చివర్లో ఆ పట్టు విడిపించడానికి ఇంకో మందు కావాలి.

నిరుడు నాకు గర్భాశయంలో గడ్డలు తీశారు. తెలివొచ్చింది, మాటలు వినపడుతున్నాయి, కానీ రెప్పలు ఎత్తలేకపోయాను. కొన్ని నిమిషాలే. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని, భయమేస్తే చదవడమే నాకు తెలిసిన విద్య. ఆ మందుల గురించి చదివాను.

పాతది నియోస్టిగ్మిన్. నరం నుంచి కండరానికి కబురు మోసే ఎసిటైల్‌కొలిన్ విరిగిపోకుండా ఆపుతుంది. సడలింపు కొంత తగ్గాకే పనిచేస్తుంది. గుండె వేగం పడిపోకుండా తోడుగా గ్లైకోపైరోలేటో అట్రోపినో ఇవ్వాలి. కొత్తది సుగమాడెక్స్. 2008లో యూరప్‌లో, 2015లో అమెరికాలో అనుమతి పొందింది. రోకురోనియం, వెకురోనియం అనే సడలింపు మందుల అణువులను చుట్టేసి తనలో బంధిస్తుంది. ఒక మోస్తరు సడలింపు నుంచి తేరుకోవడానికి దీనితో సుమారు 2 నిమిషాలు, నియోస్టిగ్మిన్‌తో సుమారు 13 నిమిషాలు పడుతుందని 2017 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. పాతది చవక, కొత్తది ఖరీదు. అట్రాక్యూరియం లాంటి వాటి మీద కొత్తది పనిచేయదు.

పోలిక ఇంతటితో ఆగితే డాక్టర్లకే వదిలేయొచ్చు. కానీ సుగమాడెక్స్ గర్భనిరోధక మాత్రల్లోని ప్రొజెస్టోజెన్ హార్మోన్‌ను కూడా పట్టేసుకునే అవకాశం ఉంది. అదే రోజు మాత్ర వేసుకున్నా, వేసుకోనట్టే లెక్క. మాత్రలైనా, హార్మోన్ ఇంజెక్షన్లయినా, హార్మోన్ ఉన్న లూప్ అయినా, ఆ తర్వాత 7 రోజులు హార్మోన్ లేని మరో పద్ధతి కూడా వాడాలని మందు సమాచార పత్రమే చెబుతుంది.

ఈ మాట మనకెవరు చెబుతారు? ఆపరేషన్‌కి ముందు నన్ను షుగరుందా, బి.పి. ఉందా, పెళ్ళయిందా అని అడిగారు. మాత్రలు వాడుతున్నావా అని అడగలేదు. ఏ మందు ఇచ్చారో డిశ్చార్జి కాగితంలో లేదు. అడిగినా, పక్కన అత్తగారో అన్నయ్యో ఉండగా ఏ స్త్రీ నిజం చెప్పగలదు? ఇంట్లో తెలియకుండా మాత్రలు వేసుకునేవాళ్ళున్నారు. పెళ్ళికానివాళ్ళున్నారు. మత్తు వదలని మనిషికి గొణిగి చెబితే చెప్పినట్టవుతుందా?

త్వరగా మేలుకోవడం మంచిదే. ఆ మందు వద్దనడం లేదు. ఆపరేషన్‌కి ముందే, ఆమె ఒక్కర్తే ఉన్నప్పుడు అడగండి. ఇచ్చిన మందు పేరూ, ఆ ఏడు రోజుల జాగ్రత్తా తెలుగులో రాసి ఆమె చేతికివ్వండి. ఆ కాగితం భర్త చేతికి కాదు.