మీ ఇంటి కుక్క పళ్లెంలో ఏముంది?

మనుషుల జబ్బుల గురించి రాయవలసిన ఈ పేజీలో కుక్కల తిండి గొడవ ఏమిటని మీరనుకోవచ్చు. పాతికేళ్లకు పైగా ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసిన నేను ఒక కుక్కపిల్ల విషయంలో చేసిన తప్పు చెప్పుకోవడానికే ఈ వారం పేజీ వాడుకుంటున్నాను. మీ ఇంట్లో కుక్క ఉంటే, ఆ తప్పు మీరూ చేస్తూ ఉండవచ్చు.

తొమ్మిదేళ్ల కిందటి మాట. అప్పుడు నేనొక చిన్న పట్నంలో పనిచేస్తున్నాను. ఒక సాయంత్రం మా అబ్బాయి బడి నుంచి వస్తూ నెలన్నర వయసున్న ఊరకుక్క పిల్లను చొక్కాలో దాచి తెచ్చాడు. మాది శాకాహారుల ఇల్లు. మా అమ్మ ఒకటే షరతు పెట్టింది. "ఉంచుకోండి గానీ నా వంటింటి గడప తొక్కడానికి వీల్లేదు. మనం తిన్నదే అదీ తినాలి."

అలాగేనన్నాం. చిట్టి అని పేరు పెట్టాం. పగలు చారన్నం, రాత్రి పలచటి మజ్జిగన్నం. పళ్లెం కడగనక్కరలేకుండా నాకేసేది. పొట్ట గుండ్రంగా ఉండేది. "ఎంత బాగా తింటోందో!" అని ఇంటిల్లిపాదీ మురిసిపోయాం.

నాలుగో నెలలో దాని ముందు కాళ్లు విల్లులా వంగడం మొదలైంది. మెట్టెక్కబోయి కూలబడేది. ఎత్తుకుంటే కుయ్యిమనేది. ఇదేం పెద్ద బ్రహ్మవిద్య అనుకున్నాను. రికెట్స్! మా ఆసుపత్రికి వచ్చే పసిపిల్లల్లో చూసిందే కదా. రోజూ పొద్దున ఎండలో కట్టేయమన్నాను. పిల్లల కాల్షియం సిరప్ రెండేసి చెంచాలు పోయించాను. మూడు వారాలు గడిచాయి. కాళ్లు ఇంకాస్త వంగాయి. ఒకనాడు అరుగు దిగబోయి పడింది. కుడి ముందు కాలు నేలమీద మోపలేకపోయింది. ఆ రాత్రి మా అబ్బాయి అన్నం ముట్టలేదు. దాని పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు.

మర్నాడు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఎక్స్‌రే తీయించి చూపించింది. ఎముక పలచబడి, సన్నగా పగిలింది.

"సార్, దీనికి ఏం పెడుతున్నారు?"

"మేం తినేదేనమ్మా. చారన్నం, మజ్జిగన్నం."

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి అంది. "రెండేళ్ల పిల్లాడికి చారన్నం, మజ్జిగన్నం తప్ప మరేమీ పెట్టలేదని ఒక తల్లి వచ్చి చెబితే మీరేమంటారు సార్?"

ఏమంటానో నాకు తెలుసు. రోజూ ఎందరో తల్లులను అదే మాట మీద మందలించినవాణ్ణి. నోరెత్తలేకపోయాను.

"ఎండలో కట్టేస్తున్నాం కదమ్మా" అన్నాను చివరికి.

"అది మనుషులకు సార్. కుక్క చర్మం ఎండలో తనకు కావలసినంత విటమిన్ డి తయారు చేసుకోలేదు. అది తిండిలోంచే అందాలి" అంది.

పొట్ట నిండితే చాలదు

ఆమె చెప్పింది విన్నాక పుస్తకాలు తిరగేశాను. కుక్క అన్నాన్ని అరిగించుకోగలదు. అందులో సందేహం లేదు. కాని బియ్యంలో మాంసకృత్తులు నూటికి ఏడు పాళ్లకు అటూ ఇటూగానే ఉంటాయి. నీటిని తీసివేసి లెక్కవేస్తే, పెరిగే కుక్కపిల్ల ఆహారంలో నూటికి 22 పాళ్లయినా మాంసకృత్తులు ఉండాలి. పెద్ద కుక్కకు 18 పాళ్లు. చారు నీళ్లతో ఆ లోటు తీరదు. నీళ్ల మజ్జిగలో కాల్షియమూ అంతంతమాత్రమే.

అయితే మాంసం ఒక్కటే పెడితే సరిపోతుందా? అదీ తప్పే. ఎముక లేని మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఈ రెండూ సరిపాళ్లలో లేకపోతే శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం లాగుకుంటుంది. అంటే రోజూ మాంసం తినే కుక్కపిల్లకూ కాళ్లు వంగవచ్చు. రోజూ కాలేయం మేపడమూ మంచిది కాదు. విటమిన్ ఎ మితిమీరి ఎముకలకే చేటు తెస్తుంది.

అలాగని కాల్షియం మందు మన ఇష్టం వచ్చినట్టు పోయకూడదు. ముఖ్యంగా పెద్ద జాతుల పిల్లలకు అది ఎక్కువైనా ఎముకలు వంకరపోతాయి. పైగా చక్కెర లేని కొన్ని సిరప్‌లలో కలిపే జైలిటాల్ కుక్కలకు విషం. నేను పోసిన సిరప్‌లో అది లేకపోవడం మా అదృష్టం. మోతాదు పశువైద్యులే బరువు చూసి చెప్పాలి.

ఇంట్లో వండిపెట్టేవారికి

స్థూలంగా ఒక లెక్క గుర్తుంచుకోండి. పళ్లెంలో సగం ఉడికించిన గుడ్డు, ఎముక తీసిన కోడిమాంసం లేదా ముళ్లు తీసిన చేప. మూడో వంతు అన్నం లేదా రాగిసంకటి. మిగిలినది ఉడికించిన క్యారట్, గుమ్మడి, చిక్కుడు వంటివి. పైన ఒక చెంచా నూనె. ఉప్పు, కారం, తాలింపు వద్దు. గుడ్డు ఉడికించే పెట్టండి. పచ్చి తెల్లసొన రోజూ తింటే బయోటిన్ అనే విటమిన్ ఒంటికి పట్టదు. ఈ లెక్కతో వండినా ఖనిజ లవణాల కొరత ఉంటుంది. ఏ మిశ్రమం ఎంత కలపాలో పశువైద్యులను అడిగి తీరాలి.

శాకాహారంతో కుక్కను పెంచవచ్చా అంటే, పెంచవచ్చు. కాని లెక్కకట్టి పెంచాలి. మన కంచంలో మిగిలినది లెక్క కాదు.

మూడు నెలల లోపు పిల్లకు రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల వరకు మూడుసార్లు, తర్వాత రెండుసార్లు పెట్టండి. పక్కటెముకల మీద చెయ్యి వేసి చూడండి. వేళ్లకు సులువుగా తగలాలి, కాని పొడుచుకు రాకూడదు. తడిమినా తగలకపోతే తిండి తగ్గించాలి.

ప్యాకెట్ తిండి కొనేవారికి

ముందుగా అది సంపూర్ణాహారమో, ఊరికే చిరుతిండో చూడండి. ఏ వయసు కుక్కకో కూడా చూడండి. బిస్కట్లు భోజనం కాదు. పొడి ప్యాకెట్ మీద మాంసకృత్తులు నూటికి 24 అని, తడి డబ్బా మీద 8 అని ఉంటే డబ్బాను తీసిపారేయకండి. డబ్బాలో 80 పాళ్లు నీరే. నీరు తీసేస్తే ఆ 8 కాస్తా 40 అవుతుంది.

ఇవి పెట్టవద్దు

ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను విరిచేస్తాయి. వండినా ఆ గుణం పోదు. సాంబారు, మసాలా కూరలు అందుకే పనికిరావు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్ గుండెకు, నరాలకు ప్రమాదం. ఆదివారం కోడికూరలోని ఉడికిన ఎముకలు సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఇక మనం వేసుకునే నొప్పి మాత్రలు, జ్వరం మాత్రలు ఎన్నడూ వేయకండి. నేను డాక్టరునైనా చెబుతున్నాను.

ఆ రోజు ఇంటికి వచ్చి అమ్మకు అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం పెరట్లో ఒక పాత కుంపటి, సత్తుగిన్నె పెట్టించి, "గుడ్లు అక్కడ ఉడకపెట్టుకోండి. నోరులేని జీవి, నా మడి కోసం దాని కాళ్లు పోవాలా?" అంది. తర్వాత తర్వాత, "దానికి గుడ్డు పెట్టారా?" అని అందరికంటే ముందు అడిగేదీ ఆవిడే.

కట్టు విప్పడానికి ఆరు వారాలు పట్టింది. చిట్టికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఎడమ కాలు చక్కబడింది. కుడి కాలు మాత్రం కొద్దిగా వంకరగానే ఉండిపోయింది. నేను ఇంటికి రాగానే అది ఆ కాలితోనే పరుగెత్తుకొస్తుంది. పాపం, దానికి నా మీద కోపం లేదు.

కుక్కపిల్లను తెచ్చుకున్న వారంలోనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. నులిపురుగుల మందు, టీకాల సంగతి ఎలాగూ చెబుతారు. దానితోపాటు ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో కూడా అడిగి రాయించుకోండి. కాళ్లు వంగేదాకా ఆగకండి.