శ్రీనివాసపురంలో పింగ్‌పాంగ్ ముచ్చట

2025 మామిడి కాపు చివరి దినాలలో మేము కోలారు జిల్లా శ్రీనివాసపురానికి పోయినాము. పూర్వం పాపనపల్లె అయిన ఈ ఊరికి దివాన్ పూర్ణయ్య తన కుమారుని పేరు పెట్టినాడట. బోర్డులన్నీ కన్నడము, మండీలో బేరమంతా తెలుగు. తోతాపురి గుట్టల ప్రక్కన కూర్చుండగా ఆటల మాట వచ్చింది.

2024 పారిస్ ఒలింపిక్సు పింగ్‌పాంగులో మన హైదరాబాదు పిల్ల ఆకుల శ్రీజ చివరి పదహారుమందిలోనికి వచ్చి, చైనా సున్ యింగ్‌షా చేతిలో ఓడింది. మొదటి రెండు గేములూ 10–12తో చేజారినవి. ఆగస్టు 3న ఫైనలులో ఆడినవారిద్దరూ చైనావారే. అయినను చైనా జనము చాలవరకు సున్ పక్షమే. కొందరు చెన్ మెంగ్‌ను గేలిచేసి కేకలు వేసినారు. చెన్ 4–2తో గెలిచింది. ఆటగత్తెలను, కోచ్‌లను దూషించి వ్రాసినందుకు 29 ఏండ్ల స్త్రీ నొకతెను బీజింగ్ పోలీసులు పట్టుకొన్నారు.

"తమ బిడ్డ గెలిస్తే కూతలేమి స్వామీ?" అన్నాడొక రైతు.

ఒక పెద్దాయన నవ్వినాడు. "మొన్న మన కాయలు ఆపినది ఎవరప్పా? తెలుగోళ్లే గదా!"

ఆ జూన్‌లో తోతాపురి ధర పడిపోగా, చిత్తూరు జిల్లా తన రైతుల కొరకు కర్ణాటక కాయల రాకను నిలిపింది. ధర కోసం శ్రీనివాసపురం బందు పాటించింది. గట్టు కిరువైపులా నష్టపోయినది తెలుగు రైతే.

ఇంట తెలుగు, బడిలో కన్నడము పలికే ఇక్కడి పిల్లలు శ్రీజను "మా అక్క" అంటారు. పరాయివారితో ఆడేటప్పుడు అట్లనుట సులభమే. మనకు నచ్చినవానిని మరొక మనవాడే గెలిచిననాడు చప్పట్లు కొట్టగలమా?