చెరువు కేసు

నేను గవర్నమెంటు బడిలో పంతులమ్మను. మూడో తరగతి పిల్లలకు పరిసరాల విజ్ఞానం చెబుతాను. మా వంశంలో డిగ్రీ కాగితం ముట్టుకున్నది మొదట నేను, తర్వాత మా తమ్ముడు. నేను డి.ఇడి. చేసి, డిగ్రీ కట్టి, డీఎస్సీ రాసి బడికొచ్చాను. వాడు లా చదివి, ఎల్‌ఎల్‌.ఎం. చేసి, లా పిల్లలకు పర్యావరణ చట్టం చెప్పే మేష్టారయ్యాడు. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు బడుల్లో పర్యావరణాన్ని పాఠంగా చెప్పాలని ఆదేశించిందని వాడు చెబితేనే నాకు తెలిసింది. అంటే మా ఇద్దరి తిండీ ఒకే చట్టం నీడన ఉంది. ఆ చట్టంలో మా పల్లె ఎక్కడుందో వెతుక్కోవడమే నేను రాస్తున్న ఈ నాలుగు మాటలు.

మాది జి. కొండూరు మండలం. 2022 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. నూజివీడు మామిడి అని దేశమంతా చెప్పుకునే తోటలు మా చుట్టూ ఉన్నాయి. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయ, అన్నిటినీ ఆకు చూసి చెప్పగలదు మా అమ్మ. ఒక్క చెట్టు కూడా మాది కాదు. చలికాలం పూతొచ్చిన కాడ్నించి మందు కొట్టే పని మా నాన్నది. కాయ దిగేటప్పుడు చిక్కం పట్టేది మా చిన్నాన్నలు. ఏరి, తుడిచి, గడ్డి పరిచి పెట్టెలకెత్తేది మా ఆడోళ్ళు.

మా మాదిగపల్లె వెనక ఒక గుంట ఉండేది. మా చిన్నప్పుడు బోరు ఎండినప్పుడల్లా ఆ గుంటే దిక్కు. తోటకు మందు కొట్టాక డ్రమ్ములు కడిగేది ఆ గుంటలోనే. ఊరి చెరువులో కడగనిస్తారా? కడిగితే ఊరుకుంటారా? ఒకసారి గుంటలో చేపలు తెల్లగా తేలినయ్. మా నాన్న తోటాయన దగ్గరకెళ్ళి, "అయ్యా, పిల్లలు తాగే నీళ్ళు" అన్నాడు. "మీ గుంటేగా" అన్నాడంట ఆయన. అంతే. ఆ మాట మా ఇంట్లో చాలా ఏళ్ళు సామెతలాగా నడిచింది. కూరలో ఉప్పెక్కువైనా మా అమ్మ "మీ గుంటేగా" అనేది. నవ్వేవాళ్ళం. ఆ డ్రమ్ములు కడిగిన చేతులు మా నాన్నవేనని తలుచుకుంటే నవ్వు ఆగిపోయేది. కడగమన్నవాడు గట్టున నిలబడి ఉంటాడు. కడిగినవాడూ తాగినవాడూ మా ఇంటోడే.

తమ్ముడు ఎల్‌ఎల్‌.ఎం.లో పర్యావరణ చట్టం తీసుకున్నది ఆ గుంట కోసమే. పుస్తకాలు తెచ్చి నాకు చదివి వినిపించేవాడు. 1972 స్టాక్‌హోమ్ సభతో మొదలుపెడతారంట. 1976లో నలభై రెండో సవరణ రాజ్యాంగంలో 48ఎ, 51ఎ చేర్చింది. 1984లో భోపాల్, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం. "ఈ చట్టం మొదట్నించీ చివరిదాకా చదివానక్కా, కులం అనే మాట ఎక్కడా లేదు" అన్నాడు. గాలికీ నీళ్ళకీ కులం ఉండదు కదా అంటారు చదువుకున్నోళ్ళు. నీళ్ళకు ఉండదు. నీళ్ళ దగ్గరకు పోయే దారికి ఉంది.

పీహెచ్‌డీకి వాడు 'తాగునీరు, కులం, పర్యావరణ చట్టం' అని అంశం రాసి తీసుకెళ్తే అక్కడి పెద్ద ప్రొఫెసరు చూసి, "ఇది సోషియాలజీ అబ్బాయ్, లా కాదు" అని పక్కన పెట్టాడు. వాడు ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఏడవలేదు. లెక్కలు చెప్పాడు. ఆ లెక్కలే ఇక్కడ రాస్తున్నాను.

1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువులో దిగి నీళ్ళు తాగాడు. ఆ చెరువు అందరిదీ అని మున్సిపాలిటీ అప్పటికే తీర్మానించింది. అయినా తాగినందుకు మనవాళ్ళను కొట్టారు. తర్వాత పేడా, పంచితమూ కుండల్లో కలిపి చెరువులో పోసి శుద్ధి అయిందన్నారు. మనిషి తాగితే మైల. పేడ పోస్తే శుద్ధి. అదే ఏడు డిసెంబరులో చెరువు తమదని పైకులాలవాళ్ళు కోర్టుకెక్కారు. ఆ కేసు పదేళ్ళు నడిచింది. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు వాళ్ళ వాదన నిలవదని కొట్టేసింది. ఆ రోజుల్లో అంబేద్కర్ ఎక్కడున్నాడు? బొంబాయి గవర్నమెంటు లా కాలేజీలో ప్రిన్సిపాలు. 1935లో ఆ కుర్చీలో కూచున్నాడు. అంతకుముందు అక్కడే పాఠం చెప్పాడు. పొద్దున క్లాసులో చట్టం చెప్పిన మనిషే, అదే చట్టం ముందు చెరువు కేసులో ప్రతివాది. "లా మేష్టరంటే నాకు ఆయనే అక్కా. వీళ్ళు ఆయన్ని రాజ్యాంగం పేపర్లో చెబుతారు. పర్యావరణం పేపర్లో ఎందుకు చెప్పరు?" అన్నాడు తమ్ముడు.

ఇక మన దగ్గర. 1985 జులైలో కారంచేడు. గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగపల్లె తాగునీటి చెరువు దగ్గర. కమ్మ కుర్రాళ్ళు గేదెను కడిగి ఆ కుడితి నీళ్ళు చెరువులో కలుపుతుంటే, ఇవి మేము తాగే నీళ్ళని అడ్డుచెప్పారు. మున్నంగి సువార్త నీళ్ళ బిందె ఎత్తి ఎదురు నిలబడింది. తెల్లారి జులై 17న పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆడపిల్లల్ని చెరిచారు. ఆ కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 అయింది.

అదే 1985 డిసెంబరులో ఢిల్లీలో ఒక ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు లీకయింది. దాని మీద 1986లో వచ్చిన తీర్పు ప్రతి లా విద్యార్థికీ కంఠతా వస్తుంది. కారంచేడు మాత్రం క్రిమినల్ లాలో హత్య కేసు. చంపుడు కనపడింది, చెరువు కనపడలేదు. చెరువు పాడుచేస్తే వద్దన్నందుకే కదా చంపారు! తర్వాత 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో మనం వాడుకునే నీళ్ళను పాడుచేయడం నేరమని ఒక క్లాజు రాశారు. నాకు తెలిసినంతలో మా గుంటకు పనికొచ్చే మొదటి చట్టం అదే. పర్యావరణ చట్టాల పుస్తకంలో అది ఉండదని తమ్ముడు తిరగేసి చూపించాడు.

వాడు అంశం పేరు మార్చి, లోపలి సరుకు మార్చకుండా పీహెచ్‌డీ పూర్తి చేశాడు. ఏడేళ్ళు పట్టింది. ఇప్పుడు అకడమిక్ కన్సల్టెంటు. పేరు ఇంగ్లీషులో గొప్పగానే ఉంటుంది. ఏడాదికోసారి ఉంచుతారో తీస్తారో తెలియని కొలువు. కాలేజీ ఉన్న ఊళ్ళో ఇల్లు అద్దెకడిగితే ముందు ఇంటిపేరు అడుగుతారు, తర్వాత ఏం వండుకుంటారని అడుగుతారు. మా అమ్మ ఇప్పటికీ తోటకెళ్తుంది. "ఇద్దరు మేష్టర్లని కన్నావు, ఇంకా పనేందే" అంటారు తోటివాళ్ళు. "చిన్నోడి జీతం నిలబడేదాకా" అంటుంది.

ఆ తోటపనే ఇప్పుడు నిలబడట్లేదు. పూత ఆలస్యంగా వస్తుంది. వచ్చిన పిందె ఎండకు రాలుతుంది. పంటపోతే రైతుకు నష్టం రాయడానికి ఒక కాగితమన్నా ఉంది. కాయ లేక మా అమ్మ పోగొట్టుకున్న ముప్పై రోజుల కూలి ఏ కాగితంలోనూ లేదు. ఎండ పెరిగిందని పేపర్లో రాస్తారు. ఆ ఎండ ఎవరి వీపు మీద పెరిగిందో రాయరు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది. మా మండలంలోనే వెలగలేరు దగ్గర దానికి రెగ్యులేటరు ఉంది. అక్కణ్ణుంచి మళ్ళింపు కాలవ కృష్ణలో కలుస్తుంది. ఆ కాలవ కట్టకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. నీళ్ళు విజయవాడ సింగ్‌నగర్ వైపు పోయాయి. పూడ్చడానికి సైన్యం కూడా రావాల్సి వచ్చింది. మా చిన్నమ్మ సింగ్‌నగర్‌లో అద్దెకుండి నాలుగిళ్ళల్లో పాచిపని చేస్తుంది. మూడు రోజులు ఎవరిదో మేడ మీద కూచుంది. నేల ఇళ్ళల్లో నీళ్ళు మునిగినవాళ్ళకు ప్రభుత్వం ఇరవై అయిదు వేలు ప్రకటించింది. మంచిదే. పనిచేసే నాలుగిళ్ళూ మునిగి నెల జీతం పోయింది, దానికి లెక్క లేదు.

అదే ఏడు మార్చి 21న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. వాతావరణ మార్పు చేసే కీడు నుంచి రక్షణ పొందడం 14, 21 అధికరణాల కింద మనిషి హక్కు అంది. రాజస్థాన్, గుజరాత్‌లలో కరెంటు తీగలకు తగిలి చచ్చిపోతున్న బట్టమేక పిట్ట కోసం వేసిన కేసది. పిట్ట బతకాలి, నాకేం కోపం లేదు. తమ్ముడు మాత్రం చిన్నమ్మ ఇంట్లో బురద ఎత్తుతూ అన్నాడు, "పిట్ట పుణ్యమా అని హక్కొచ్చిందక్కా. చిన్నమ్మ తరపున ఆ హక్కు అడిగేదెవరు?"

అడిగేవాళ్ళు తయారవ్వాలంటే చెప్పేవాళ్ళు ఉండాలి. అందుకే వాడు ఆ కొలువు వదల్లేదు. సిలబస్‌లో లేకపోయినా మొదటి పాఠం మహాడ్‌తో మొదలుపెడతాడు. రెండో పాఠం కారంచేడు. "పేపర్లో రాదు కదా సార్" అని అడిగే పిల్లలున్నారు. క్లాసయ్యాక ఆగి, "సార్, మా ఊళ్ళో కూడా" అని మొదలుపెట్టే పిల్లలూ ఉన్నారు. వాళ్ళు ఏ పల్లెల నుంచి వచ్చారో వాడు అడగక్కర్లేదు.

లా చదువుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. మన పల్లెల్లో గుంట ఎవరు పాడుచేశారో, ఎప్పుడో, అడ్డుచెప్పిందెవరో, వాళ్ళకేం జరిగిందో రాసిపెట్టండి. తేదీ వేయండి, సాక్షుల పేర్లు రాయండి. మా నాన్న ఫిర్యాదుకు కాగితం లేదు, "మీ గుంటేగా" అన్న మాట తప్ప. అలాంటి మాటలన్నీ కాగితం మీదకు రావాలి. రేపు మనోళ్ళలో ఒకరు క్లాసులో నిలబడి చెప్పడానికీ, ఎల్లుండి ఇంకొకరు కోర్టులో నిలబడి అడగడానికీ అవే కావాలి.