వాల్తేరు మెట్టపై విద్యార్థిని

గత ఆషాఢమున మా చెల్లెలిని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు చేర్పించుటకై మేము విశాఖపట్టణమునకు పోయితిమి. 1926లో బెజవాడయందు వెలసి, 1930లో వాల్తేరునకు తరలివచ్చిన విద్యాపీఠమిది. అచ్చట ఎక్కుడు దిగుడు త్రోవలే మెండు. క్రొత్త చెప్పులు తొడిగిన మా పిల్ల మొదటి దినముననే కుంటసాగెను. పాదమున కలవాటైన పాతజోడే మేలు.

సముద్రపుగాలి హాయియే కాని, ఉప్పుతో కూడినది. మేము ముచ్చటపడి కొన్న పెట్టెయొక్క ఇనుప తాళము రెండవ నెలలోనే తుప్పుపట్టి బిగిసిపోయెను! యోగ్యతాపత్రములన్నియు అందే యుండెను. వానిని చూపవలసిన దినమును నాడే. తాళము పగులగొట్టించి పరుగెత్తినదట. సోదరీమణులారా, ఇత్తడి తాళము కొనుడు. పత్రములకు ప్రతులు తీయించి వేరుగా నుంచుడు. ఆశ్వయుజ కార్తికములు గాలివానల కాలము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ పట్టణమువద్దనే తీరము దాటెను. కావున చేతిదీపమొకటి యుండవలెను.

ఇక జ్వరము మాట. మేము కలతపడుదుమని మా చెల్లెలు నాలుగు దినముల జ్వరమును దాచెను. దసరాకు వచ్చినపుడు రవికెలు వదులైయుండుట చూచి మేమడుగగా గాని చెప్పలేదు. మాకు కోపమును దుఃఖమును ఒక్కమారే వచ్చినవి. నాటినుండి ప్రతి ఆదివారము ఫోనులో ఆమె మాటలకంటె గొంతునే మేము శ్రద్ధగా వినుచున్నాము.