గాలి జల్లెడ

మా తాండా గార్లదిన్నె మండలంలో ఉంది. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మాకు దగ్గరే. వేసవిలో ఆరుబయట మంచాలు వేసుకొని పడుకుంటే రాత్రంతా లారీల చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వింటూ మా యాడి, "మన తాతల కాలంలో ఇట్లే రాత్రంతా ఎద్దుల మెడగంటలు మోగేవంట" అనేది.

ఆమె చెప్పింది లదేణి గురించి. మన గోర్ జనం వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరూ తిరిగినవాళ్ళు. దక్కనులో యుద్ధాలు జరిగినప్పుడు సైన్యాలకు తిండిగింజలు మోసింది కూడా మన ఎద్దులే. తర్వాత రైలు వచ్చింది. ఉప్పు మీద తెల్లదొరల పెత్తనం వచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం సంచారం చేసే ఎన్నో తెగలను పుట్టుకతోనే నేరస్థులంది. బరువులు మోసే పని మన చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ ఇన్నాళ్ళకు మన పిల్లలు కొందరు స్టీరింగు పట్టుకొని అదే పనికి వచ్చినారు. ఇది అట్లాంటి ఒక లారీ కథ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ లారీలో ఉండే ఒక కాగితపు డబ్బా కథ.

మేము బుక్కపట్నం డైట్‌లో టీచర్ ట్రైనింగు చదివేటప్పుడు మా తమ్ముడు ఇంటర్ మధ్యలో మానేసి లారీ క్లీనరుగా పోయినాడు. ఇంట్లో ఇద్దరినీ చదివించే శక్తి లేదు. మా పుస్తకాలకు, హాస్టలు ఖర్చుకు నెలనెలా అతను పంపిన డబ్బే ఆధారం. మాకు ఉద్యోగం వచ్చిన కొన్నేళ్ళకు, జీతం మీద అప్పు తీసి, మిగిలింది వడ్డీకి తెచ్చి, అతనికి ఒక పాత ఆరు చక్రాల లారీ కొనిచ్చినాము. బాకీ తీరుస్తున్నామనుకున్నాము.

లారీకి పని బాగానే దొరికింది. సీజనులో అనంతపురం చీనీకాయలు, మిగతా రోజుల్లో తాడిపత్రి నాపరాళ్ళు. నాపరాళ్ళ గనుల దారి ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళకు చెప్పనక్కర లేదు. ముందు పోయే బండి కనిపించనంత దుమ్ము. మన జిల్లాలో ఏడాదికి కురిసేదే దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. ఆషాఢంలో వాన రాదు, గాలి వస్తుంది. ఆ గాలి ఎర్రమట్టిని లేపి తెచ్చి కంచాల్లో వేస్తుంది. మనం కొంగు అడ్డం పెట్టుకుంటాము. మరి లారీ?

ఒకరోజు పామిడి దగ్గర మిట్ట ఎక్కేటప్పుడు బండి నల్లపొగ కక్కడం మొదలుపెట్టింది. లాగడం లేదు. తమ్ముడు ఫోను చేసి, "భియా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది. మార్చాల. కంపెనీది లోపలిదీ బయటిదీ రెండూ కలిపి రెండు వేల ఎనిమిది వందలు అంటున్నారు" అన్నాడు. ఆ నెల వడ్డీ కట్టాల్సి ఉంది. మేము ఒక అంగడికి పోయినాము. అచ్చం అట్లే ఉండే బయటి ఫిల్టరు ఒకటే ఏడు వందలకు ఇచ్చినారు. తమ్ముడు దాన్ని చేతిలో తిప్పి చూసి, "రబ్బరు గట్టిగా ఉంది భియా, ఎందుకో నచ్చలేదు" అన్నాడు. "కాగితమే కదరా, ఏదైతే ఏమి?" అన్నాము మేము. పదిమందికి చదువు చెప్పే మేము అన్న మాట అది.

కొత్త ఫిల్టరు వేయగానే నల్లపొగ పోయింది. బండి హుషారుగా లాగింది. రెండు వేల రూపాయలు మిగిలినాయని సంతోషపడినాము.

అయిదు నెలలు గడిచినాయి. ఇంజన్ ఆయిలు తగ్గుతా ఉందన్నాడు తమ్ముడు. పొగ ఈసారి నీలంగా వస్తోంది. ఉదయం స్టార్టు కావడానికి మొరాయిస్తోంది. అనంతపురంలో ఒక పెద్దవయసు మేస్త్రీకి చూపించినాము. ఆయన ఇంజన్ జోలికి పోలేదు. ముందు ఫిల్టరు డబ్బా నుంచి ఇంజన్ వైపు పోయే రబ్బరు గొట్టం విప్పినాడు. లోపల వేలు పెట్టి తుడిచి, ఆ వేలు మా ముందు పెట్టినాడు. వేలి మీద ఎర్రమట్టి.

"సారూ, ఫిల్టరు దాటినాక ఈడ దుమ్ము కనపడగూడదు. బండి బోరుకొచ్చింది."

తర్వాత స్కేలు పెట్టి చూపించినాడు. మేము కొన్న ఫిల్టరు ఎత్తు రెండు మిల్లీమీటర్లు తక్కువ. రబ్బరు రింగు గట్టిది, డబ్బా అంచుకు అదమలేదు. ఆ సందులోంచి గాలి, గాలితో మట్టి, అయిదు నెలలు లోపలికి పోయింది. వెంట్రుక మందంలో పదో వంతు ఉండే మట్టిరేణువులు పిస్టను రింగులకూ లైనరుకూ మధ్య చేరి ఉప్పుకాగితంలా అరగదీసినాయి. ఇంజన్ విప్పి లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చడానికి లక్షా పాతికవేలు అయింది. ఆ డబ్బు పుట్టడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ లారీ షెడ్డులో, తమ్ముడూ మరదలూ బెంగళూరులో కట్టడం పనిలో ఉన్నారు. వాళ్ళ పాప నాలుగో తరగతి. యాడి దగ్గర వదిలి పోయినారు. యాడికి జ్వరం వచ్చినప్పుడల్లా ఆ పాప బడికి రాలేదు. హాజరు పట్టీలో ఆమె పేరు ఎదురుగా సున్నాలు చుట్టింది మా చెయ్యే.

వలస పోయిన ఇళ్ళ పిల్లలు బడికి ఎందుకు రారో మేము సమావేశాల్లో ఎన్నోసార్లు మాట్లాడినాము. మా ఇంట్లో దానికి కారణం రెండు మిల్లీమీటర్లు.

ఇంజన్ తయారై వచ్చినాక మళ్ళీ ఫిల్టరు కొనాల్సి వచ్చింది. ఈసారి బడిలోంచి స్కేలు, నోటుపుస్తకం తీసుకొని పోయినాము. తమ్ముడిని ముందు నడవమన్నాము. మేస్త్రీ దగ్గర, తమ్ముడి దగ్గర, డబ్బాల మీద అచ్చులో నేర్చుకున్నది మన పిల్లల కోసం ఇక్కడ రాస్తున్నాము.

మొదట ఒక లెక్క. లీటరు డీజిల్ బరువు దాదాపు 830 గ్రాములు. ఒక గ్రాము డీజిల్ పూర్తిగా కాలడానికి పద్నాలుగున్నర గ్రాముల గాలి కావాలి. అంటే లీటరుకు 12 కిలోల గాలి. ఘనమీటరు గాలి దాదాపు 1.2 కిలోలు తూగుతుంది. కాబట్టి లీటరు డీజిల్‌కు 10,000 లీటర్ల గాలి. మా లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తుంది. వంద కిలోమీటర్లు పోతే రెండున్నర లక్షల లీటర్ల గాలి తాగుతుంది. అయిదు వేల లీటర్ల నీళ్ళ ట్యాంకర్లు యాభై ఊహించుకోండి. నిజానికి డీజిల్ ఇంజన్ ఇంతకంటే ఎక్కువే పీలుస్తుంది. ఆ గాలి అంతా ఆ కాగితం మడతల గుండానే పోవాలి.

ఈ తిప్పలు మనవే కాదు. 1915లో అమెరికాలో ట్రాక్టర్లు అమ్మే ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అనే ఆయన, ఒక రైతు ట్రాక్టరు దుమ్ముకు పదేపదే చెడిపోవడం చూసి గాలి వడపోత ఒకటి తయారు చేసినాడు. ఎండిన పొలం ఎక్కడైనా ఎండిన పొలమే.

కంపెనీ పేరు లేని ఫిల్టర్లన్నీ చెడ్డవి కావు. బండి తయారు చేసినవాళ్ళే ఫిల్టరు కూడా చేయాలని లేదు. ఫిల్టర్లు మాత్రమే చేసే మంచి సంస్థలు ఉన్నాయి, వాళ్ళ సరుకు ధర కొంచెం తక్కువ కూడా ఉంటుంది. చూడాల్సింది ఇవి. డబ్బా మీద మన బండి పాత ఫిల్టరు నంబరుకు సరిపోయే నంబరు అచ్చయి ఉండాలి. పాతది పక్కన పెట్టి బయటి వ్యాసం, లోపలి వ్యాసం, ఎత్తు కొలవాలి. రబ్బరు రింగును బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగి వెంటనే పైకి లేవాలి. కాగితం మడతలు సమానంగా ఉండాలి, ఒకచోట గుంపుగా, ఒకచోట ఖాళీగా ఉండకూడదు. మూతకూ కాగితానికీ మధ్య జిగురు ఎక్కడా తెగకూడదు. బిల్లు తీసుకోవాలి. "ఇది వేస్తే పవరు పెరుగుతుంది" అని బట్టతో చేసిన ఫిల్టర్లు చూపిస్తారు. మన దుమ్ముదారుల్లో నడిచే బండికి శుభ్రమైన కాగితపు ఫిల్టరు ఇచ్చే గాలి చాలు.

మేము అట్లాంటి ఒక సంస్థ ఫిల్టరే తీసుకున్నాము. లోపలిదీ బయటిదీ కలిపి పందొమ్మిది వందలు.

బిగించడం తమ్ముడి పని, రాసుకోవడం మా పని. ఇంజన్ ఆపి చల్లారనిచ్చినాడు. మూత విప్పకముందే డబ్బా బయట తుడిచినాడు, మట్టి లోపలికి రాలకుండా. పాత ఫిల్టరును టైరుకేసి కొట్టకుండా మెల్లగా లాగినాడు. డబ్బా లోపల తడిబట్టతో తుడిచినాడు, ఇంజన్ వైపు పోయే రంధ్రానికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టి. డబ్బా అడుగున దుమ్ము రాలడానికి ఒక రబ్బరు మూతి ఉంటుంది. దాని పెదవులు చిరిగినాయేమో చూసినాడు. చిన్న ఫిల్టరును ముందు, పెద్దదాన్ని తర్వాత, మడతల మీద కాకుండా అంచు మీద నొక్కుతూ నిటారుగా కూర్చోబెట్టినాడు. అడ్డం పెట్టిన గుడ్డ తీసినానని చిన్నది పెట్టేముందే మాతో టిక్కు పెట్టించినాడు. మూత బిగించి, గొట్టాల క్లిప్పులన్నీ ఒక్కొక్కటి కదిలించి చూసినాడు. చివరగా ఫిల్టరు మూసుకుపోతే ఎర్రగా కనిపించే గుర్తు ఒకటుంది, దాని బటను నొక్కి మొదటికి తెచ్చినాడు. తేదీ, కిలోమీటర్లు మూత మీద రాసినాము.

ఇంకొక మాట. మన డ్రైవర్లు చాలామంది వారానికోసారి ఫిల్టరు తీసి టైర్ల అంగట్లో గాలి కొట్టిస్తారు. అది మంచి అలవాటు అనుకున్నాము. కానీ కాగితం మీద పలచగా పట్టిన దుమ్ము కూడా జల్లెడలా పనిచేసి సన్న మట్టిని ఆపుతుంది. తీసిన ప్రతిసారీ రింగు కదులుతుంది. టైరుకు పట్టే ఒత్తిడితో కొడితే కాగితానికి కనపడని చిరుగులు పడతాయి. ఎర్రగుర్తు వచ్చినప్పుడే తీయాలి. తప్పక గాలి కొట్టాల్సి వస్తే తక్కువ ఒత్తిడితో లోపలినుంచి బయటికి కొట్టాలి. తర్వాత చీకట్లో లోపల బల్బు పెట్టి చూడాలి. చుక్కలా వెలుగు కనిపిస్తే అది చెత్తకుండీకే. లోపలి చిన్న ఫిల్టరును కడగకూడదు, గాలి కొట్టకూడదు, మార్చడమే.

మొదటి ట్రిప్పు తాడిపత్రికి. తిరిగి వచ్చినాక తమ్ముడు గొట్టం విప్పి లోపల వేలు పెట్టినాడు. వేలు శుభ్రంగా ఉంది. ఏమీ అనలేదు. వేలు మాకు చూపించి గొట్టం మళ్ళీ బిగించినాడు.

పాత ఫిల్టరు ఇప్పుడు మా బడి అలమారలో ఉంది. నాలుగు, అయిదు తరగతులకు కొలతల పాఠం దానితోనే చెప్తున్నాము. పిల్లలు దాని ఎత్తు, కొత్తదాని డబ్బా మీద అచ్చయిన ఎత్తు కొలిచి తేడా రాస్తారు. యాడి ఇచ్చిన పాత చీర ముక్క, పిండి జల్లెడ, ఫిల్టరు కాగితం ముక్క మూడూ పెట్టి ఎర్రమట్టి జల్లించి, ఏది ఎంత ఆపుతుందో చూస్తారు. మొదట గోర్ బోలిలో మాట్లాడుకుంటారు, తర్వాత తెలుగులో రాస్తారు. మట్టి అందరికీ తెలుసు కాబట్టి ఏ పిల్లా వెనక కూర్చోదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. మన తాండాల్లో చదువు మానేసినవాళ్ళని మనం 'డ్రాపవుట్' అని పట్టీలో రాస్తాము. ఆ రోజు అంగట్లో రబ్బరు గట్టిగా ఉందని వేలితో పసిగట్టింది చదువు మానేసినవాడు. ధర మాత్రమే చదవగలిగింది చదువుకున్నవాళ్ళం. అతని వేలికి మా స్కేలు తోడై ఉంటే ఆ లక్షా పాతికవేలు మిగిలేది. యువకులకూ అదే చెప్తాము. లారీ ఎక్కినంత మాత్రాన చదువు అయిపోలేదు. డబ్బా మీది అక్షరం చదవండి, కొలవండి, నచ్చనిదాన్ని నచ్చలేదని గట్టిగా చెప్పండి. ఎదురుగా ఉన్నది పంతులైనా సరే.

తమ్ముడి పాప ఇప్పుడు ఆరో తరగతి. ఫిల్టరు మూత మీద తేదీ, కిలోమీటర్లు రాసే పని ఆమె తీసుకుంది. పోయిన నెల ఎర్రగుర్తు వచ్చినప్పుడు స్కేలు పట్టుకొని తండ్రితో అంగడికి ఆమే పోయింది. మమ్మల్ని రమ్మనలేదు.