దొరవారిసత్రం షెడ్డులో పెట్రోలు పంచాయితీ

సూళ్లూరుపేట దాటి నాయుడుపేట వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద దొరవారిసత్రం ఉందని చాలా కార్లవాళ్లు గమనించనే గమనించరు. చలికాలంలో నేలపట్టు చెరువులో గూడబాతులను చూడ్డానికి చెన్నై నుంచి వచ్చేవాళ్లు ఇక్కడ మలుపు తిరుగుతారు. మిగతావాళ్లలో బండి మొరాయించినవాళ్లే ఆగుతారు. కాగితాల మీద ఇది 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. మాటతీరులో, కూరల్లో, వానల లెక్కలో ఇప్పటికీ నెల్లూరే.

రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మేస్త్రి యాభై దాటినవాడు. అంబాసిడర్లు, ఫియట్ల కార్బ్యురేటర్లు విప్పి కడగడంతో పని మొదలుపెట్టి, ఇప్పుడు స్కానర్ తగిలించి తెర మీద కోడ్ చదువుతున్నాడు. పెట్రోలు మంచిది కాకపోతే ఇంజిన్ నిజంగా పాడవుతుందా అని అడగడానికి నేను అక్కడికి వెళ్లాను. ఈ ప్రశ్నకు బంకువాళ్లు ఒకటి చెబుతారు, కంపెనీ సర్వీస్ సెంటర్లు ఒకటి చెబుతాయి, ఫోన్లో తిరిగే వీడియోలు ఇంకొకటి చెబుతాయి. విప్పిన ఇంజిన్ ముందు కూర్చునేవాడి మాట వినాలనిపించింది.

"పాడవకుండా ఎట్టా ఉంటాది సార్?" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "అయితే జనం భయపడేది ఒకదానికి, ఇంజిన్ పాడయ్యేది ఇంకోదానికి."

ఆయన ముందున్నది పదేళ్లు దాటిన చిన్న పెట్రోలు కారు. సూళ్లూరుపేట దగ్గర పల్లెలో పనిచేసే బడిపంతులుది. రెండు రోజుల కిందట పెట్రోలు కొట్టించాడు. ఆ సాయంత్రం నుంచే బండి జర్కులిస్తోంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది, యాక్సిలరేటర్ తొక్కినా పికప్ లేదు. ముందు చూసిన మెకానిక్ ఇగ్నిషన్ కాయిల్ పోయిందని కొత్తది వేశాడట. డబ్బు పోయింది, జబ్బు పోలేదు.

మేస్త్రి కాయిల్ జోలికి వెళ్లలేదు. ఇంజిన్ దగ్గర పెట్రోలు పైపు ఊడదీసి, ఖాళీ మంచినీళ్ల సీసాలోకి లీటరు దాకా పట్టి బల్ల మీద నిలబెట్టాడు. కుర్రాడు టీ తెచ్చి ఇచ్చేలోగా సీసాలో అడ్డంగా గీత ఏర్పడింది. పైన పల్చని నారింజ రంగు పెట్రోలు. కింద దాదాపు రంగులేని పొర, రెండు వేళ్ల మందం. సీసాను ఊపితే రెండూ కలిసి మసకబారాయి. కాసేపు నిలబెడితే మళ్లీ విడిపోయాయి.

పంతులు దాన్ని చూసి నీళ్లన్నాడు. అది సగమే నిజం. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌కు నీళ్లంటే మహా ఇష్టం. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు లీటరుకు సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని తనలో కలిపేసుకుని ఏమీ ఎరగనట్టే ఉంటుంది. ఇరవై శాతం ఉంటే ఇంకొంచెం ఎక్కువే పట్టుకుంటుంది. ఆ హద్దు దాటిందంటే నీరు ఇథనాల్‌ను కూడా లాక్కుని అడుగుకు దిగుతుంది. అందుకే లోపలికి వెళ్లిన నీటికంటే కింది పొర లావుగా కనిపిస్తుంది. ట్యాంకులో పెట్రోలు పంపు పీల్చేది అడుగు నుంచే కాబట్టి ఇంజిన్‌కు మొదట అందేది ఈ మండని పొరే. పైన మిగిలిన పెట్రోలు కూడా మంచిదని చెప్పలేం. ఇథనాల్ తోడు పోయాక దాని ఆక్టేన్ తగ్గిపోతుంది. కొత్త పెట్రోలు పోసి సర్దుకుందామంటే కుదరదు. ట్యాంకు దించాల్సిందే, కడగాల్సిందే, ఫిల్టర్ మార్చాల్సిందే.

ఈ తీరంలో నీటి గొడవకు ఒక కాలం ఉంది. ఈశాన్య రుతుపవనాలు నవంబరు, డిసెంబరుల్లో ఇక్కడ విరుచుకుపడతాయి. 2021 నవంబరు వరదలు నెల్లూరు జిల్లాను ముంచాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు ఈ మండలాలన్నిటినీ తడిపి ముద్ద చేసింది. బంకుల ట్యాంకులు భూమిలో ఉంటాయి. పైమూత సరిగ్గా బిగియకపోయినా, నీళ్లు నిలిచిన చోట సీలు పాతబడినా వాన నీరు దారి వెతుక్కుంటుంది. దీన్ని పట్టుకునే సాధనం బంకులోనే ఉంటుంది. లోపలికి దించే కొలకర్ర చివర నీటిని గుర్తించే పేస్టు రాస్తారు. నీరు తగిలితే అది రంగు మారుతుంది. ఇథనాల్ పెట్రోలుకు దానికి తగిన పేస్టే వాడాలి. ప్రతి తుపాను తర్వాత తన షెడ్డుకు ఇలాంటి బళ్లు వరసగా వస్తాయని మేస్త్రి చెప్పాడు. అంటే ఎక్కడో ఆ కర్ర దించలేదు, లేదా దించినవాడు దాన్ని సరిగ్గా చూడలేదు.

ఇక కల్తీ. మేస్త్రి ఒక డబ్బా బోర్లించి పాత స్పార్క్ ప్లగ్గులు బల్ల మీద పోశాడు. ఆరోగ్యంగా నడిచిన ఇంజిన్ ప్లగ్గు ముక్కు లేత గోధుమ రంగులో పొడిగా ఉంది. ఇంకోటి మసితో నల్లగా, వేలితో రుద్దితే చేతికి అంటుకుంటోంది. మూడోది నా అరచేతిలో పెట్టాడు. తెల్లటి పింగాణీ మీద ఇటుకపొడి చల్లినట్టు ఎర్రటి పూత, గోరుతో గీకినా రాలేదు. ఆక్టేన్ పెంచడానికి ఇనుము ఉన్న రసాయనాలు కలిపితే ఇలాంటి ఎర్రదనం పేరుకుంటుంది. ఆ పూత మీదుగా కరెంటు పక్కదారి పడుతుంది, మిస్సింగ్ మొదలవుతుంది.

కిరోసిన్ కల్తీది వేరే కథ. దాని ఆక్టేన్ బాగా తక్కువ. అది కలిసిన పెట్రోలు సిలిండర్‌లో ప్లగ్గు రాజేసిన మంట తన దాకా చేరకముందే తనంతట తానే అంటుకుని పిస్టన్ తలమీద మోదుతుంది. మెకానిక్‌లు నాకింగ్ అనేది దీన్నే. పూర్తిగా మండని కిరోసిన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌ను పల్చన చేస్తుంది. అప్పుడు బేరింగులు అరుగుతాయి. ఈ నష్టం ఒక్కరోజులో బయటపడదు కాబట్టే కల్తీ చేసేవాడికి అంత ధైర్యం.

ఈ ధైర్యం మనుషుల్ని చంపింది కూడా. కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ప్రాంతం కుర్రాడు, ఇండియన్ ఆయిల్ అధికారి షణ్ముగం మంజునాథ్‌ను 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీలో కాల్చి చంపారు. కల్తీ పట్టుకుని బంకును మూయించడమే అతను చేసిన నేరం. 2011 జనవరిలో మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణేను ఇంధన కల్తీ ముఠా సజీవ దహనం చేసింది. పెట్రోలు నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు పేర్లు ఎవరూ మరిచిపోకూడదని నా గట్టి నమ్మకం. ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ కిరోసిన్ ఆగిపోయాక ఆ చవక సరుకు చేతికి రావడం తగ్గింది. పాత రోజుల్లో వారానికో బండి ఆ వాసనతో వచ్చేదని, ఇప్పుడు అరుదని మేస్త్రి మాట.

జనం భయపడేది దేనికి? ఆక్టేన్‌కు. మామూలు పెట్రోలు పోస్తే ఇంజిన్ ఆయుష్షు తగ్గిపోతుందేమోనని లీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువిచ్చి ప్రీమియం కొట్టించేవాళ్లు హైవే మీద తక్కువేం కాదు. ఆక్టేన్ అంటే శక్తి కాదు, నాకింగ్‌ను తట్టుకునే ఓర్పు. ఇంజిన్‌కు ఎంత ఓర్పున్న పెట్రోలు కావాలో తయారీదారు పుస్తకంలో రాసి ఉంటుంది. మన మధ్యతరగతి కార్లలో ఎక్కువ భాగం 91 ఆక్టేన్‌తో హాయిగా నడిచేలా చేసినవే. అమెరికాలో మోటారు వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2016లో పరీక్షించి, మామూలు పెట్రోలు చాలన్న కారుకు ప్రీమియం పోయడం వల్ల ఒరిగేదేమీ లేదని తేల్చింది. పైగా మన దేశంలో ఒకప్పుడు 88 ఉన్న మామూలు పెట్రోలు ఆక్టేన్ బీఎస్-6 కాలుష్య ప్రమాణాల నాటికి 91కి చేరింది. 20 శాతం ఇథనాల్‌తో 95 అయిందని కేంద్ర పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది.

అలాగని అన్ని పెట్రోళ్లూ ఒకటే అనడానికి లేదు. అదే ట్రిపుల్ ఏ సంస్థ అదే ఏడాది ఇంకో పరీక్ష చేసింది. శుభ్రం చేసే రసాయనాలు తగినంత కలిపిన పెట్రోలుతో పోలిస్తే, అవి తక్కువున్న పెట్రోలు వాడిన ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద 19 రెట్ల మడ్డి పేరుకుంది. కాబట్టి ఆక్టేన్ వేరు, శుభ్రత వేరు. బోర్డు మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది మొదటిది. ఇంజిన్‌కు ఎక్కువ పనికొచ్చేది చాలాసార్లు రెండోది.

పెట్రోలు మారిన ప్రతిసారీ ఇలాంటి గుబులు పుట్టింది. 2000 ఫిబ్రవరిలో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయినప్పుడు పాత బళ్ల వాల్వులు అరిగిపోతాయన్నారు. గట్టి వాల్వు సీట్లు వచ్చాయి, ప్లగ్గుల ఆయుష్షు పెరిగింది, పిల్లల రక్తంలోకి చేరే విషానికి ఒక దారి మూసుకుపోయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6తో గంధకం పది లక్షల భాగాలకు 50 నుంచి 10కి దిగింది. ఆ మార్పుల వల్ల ఇంజిన్‌కూ మనిషికీ మేలే జరిగింది.

ఇథనాల్ విషయంలో మాత్రం మేస్త్రి గొంతు మారింది. పంతులు కారు కింద దూరి ఒక రబ్బరు పైపు ముక్క కోసి తెచ్చాడు. వంచితే పైన సన్నటి పగుళ్లు విచ్చుకున్నాయి. లోపలి గోడ మెత్తబడి వేలికి జిగురుగా తగిలింది. "పాత రబ్బరు దీనికి తట్టుకోల్యా సార్. ఇది తెగితే కింద సైలెన్సర్ కాలతా ఉంటాది. మైలేజీ సంగతి అప్పుడు ఎవురికి గావాల?"

2022 జూన్‌లో పది శాతం ఇథనాల్ లక్ష్యం అందింది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రధాని 20 శాతం ఇథనాల్ ఉన్న ఈ20 పెట్రోలును ప్రారంభించారు. మొదట 2030కి అనుకున్న 20 శాతం 2025లోనే వచ్చేసింది. 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే, ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై పది శాతానికి సర్దిన కార్లలో ఈ20తో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని రాసింది. కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని, అది చవకైన పనేనని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలంటూ వేసిన వ్యాజ్యాన్ని సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇథనాల్ మీద నాకు వ్యతిరేకత లేదు. బ్రెజిల్ 2025 ఆగస్టు నుంచి 30 శాతం కలుపుతోంది. అయితే ఆ దేశం ఏ పాళ్లలో కలిపినా నడిచే కార్లను 2003లోనే రోడ్డెక్కించింది. మన దగ్గర ఈ20కి తగిన భాగాలతో కార్లు 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరిగా రావడం మొదలైంది. అంతకుముందు కొన్నవాడు వేరే పెట్రోలు దొరక్క దీన్నే పోయించుకుంటున్నాడు, పైపుల ఖర్చూ తానే భరిస్తున్నాడు. ఏ గొట్టంలో ఎంత శాతం ఇథనాల్ వస్తోందో ప్రతి బంకులో కళ్లకు కనిపించేలా రాయాలి. పాత బళ్ల పైపుల మార్పిడిని కార్ల కంపెనీలు ఉచితంగానో, అసలు ధరకో చేసిపెట్టాలి. ఇది దయ చూపించమని వేడుకోవడం కాదు.

ఇక్కడ ఇంకో స్థానిక సమస్య ఉంది. పులికాట్ సరస్సు గాలిలో ఉప్పు, తేమ రెండూ ఎక్కువే. కొత్త కార్ల ట్యాంకులు మూసినట్టే ఉంటాయి కాబట్టి గాలిలోంచి తేమ పీల్చుకోవడం నిదానంగా సాగుతుంది. మూతలో గాలి రంధ్రం ఉన్న పాత మోటారు సైకిళ్లకు, నెలల తరబడి షెడ్డులో నిలబెట్టిన బళ్లకు ముప్పు ఎక్కువ. కొడుకు విదేశాల్లో ఉంటే సంక్రాంతికి మాత్రమే బయటికొచ్చే కార్లు ఈ పల్లెల్లో చాలానే ఉన్నాయి. వాటిని నిలబెట్టేముందు ట్యాంకు నిండుగా ఉంచమని, నెలకు రెండుసార్లయినా పది కిలోమీటర్లు తిప్పమని మేస్త్రి చెబుతాడు.

సాయంత్రం పంతులు తను పెట్రోలు కొట్టించిన బంకుకు బయల్దేరితే నేనూ వెంట వెళ్లాను. వినియోగదారు అడిగితే ఫిల్టర్ కాగితం ఇచ్చి పరీక్ష చేయించడం బంకు బాధ్యత, దానికి డబ్బు తీసుకోకూడదు. గొట్టం కొన శుభ్రంగా తుడిచి కాగితం మీద ఒక చుక్క వేయాలి. రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. లేత గులాబీ ఛాయ మిగిలితే అది పెట్రోలు రంగే. నూనె మరకలా మిగిలితే అనుమానించాలి. అక్కడి కుర్రాడికి కాగితం ఎక్కడుందో తెలియలేదు. మేనేజరు వెతికి తెచ్చాడు. చుక్క ఆరిపోయింది, మరక లేదు. నీళ్లు కలిస్తే ఈ పరీక్షకు దొరకవని పంతులుకు అప్పుడు తెలిసింది.

సాంద్రత అడిగాడు. గాజు జాడీలో పెట్రోలు నింపి హైడ్రోమీటర్, థర్మామీటర్ ముంచి, వచ్చిన అంకెను పట్టిక చూసి 15 డిగ్రీలకు సర్దాలి. ట్యాంకర్ దిగిన రోజున రాసుకున్న అంకెకూ దీనికీ తేడా ఘనపు మీటరుకు 3 కిలోలు దాటకూడదు. తేడా 3 లోపే ఉంది. అయితే కిరోసిన్‌తో పెరిగిన సాంద్రతను తేలికైన ద్రావకం కలిపి మళ్లీ దించేయవచ్చు. కాబట్టి అంకె సరిపోయినంత మాత్రాన సరుకు మంచిదని తేలదు. సరిపోకపోతే మాత్రం వెంటనే అనుమానించవచ్చు.

బిల్లు ఉందా అన్నాడు మేనేజరు. ఫోన్లో డబ్బు కట్టిన మెసేజ్ ఉంది, బిల్లు తీసుకోలేదు. పంతులు వాదనకు దిగకుండా ఫిర్యాదుల పుస్తకం ఇమ్మన్నాడు. కాస్త తటపటాయించినా ఇచ్చారు. తేదీ, బండి నంబరు, ఎన్ని లీటర్లు, మెసేజ్‌లో ఉన్న సమయం, సీసాలో కింది పొర మందం వరసగా రాశాడు. ట్యాంకు కడిగినందుకు, ఫిల్టర్‌కు, కొత్త పైపులకు మేస్త్రి ఇచ్చిన రసీదు మొత్తాన్ని కూడా చేర్చి సంతకం పెట్టాడు. ఆ పేజీని ఫోటో తీసుకుని, గోడ మీద రాసి ఉన్న ఆయిల్ కంపెనీ అధికారి నంబరుకు అక్కడే నిలబడి పంపాడు.