మే ఎండలో హీటర్ పని

కడప నుంచి ఎర్రగుంట్ల పోయే రోడ్డులో, కమలాపురంలో వేపచెట్టు నీడన రేకుల షెడ్డు. పొద్దున పదకొండుకే రేకులు సెగ కక్కుతున్నాయి. ఆ పూట కారు తీసుకుపోయి, "హీటర్ పనిచేయడం లేదన్నా" అన్నాను. పానాలు పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు నా ముఖం చూశారు. మేస్త్రి మాత్రం గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "చలికాలంలో తెచ్చేదానికన్నా ఇప్పుడు తెచ్చిందే మేలు సార్. చెడేది ఈ కాలంలోనే" అన్నాడు.

డిసెంబరులో అమ్మను వెంటబెట్టుకుని లంబసింగి పోయాం. చలి సున్నా దాకా దిగే ఊరది. తెల్లవారుజామున ఘాట్ రోడ్డులో హీటర్ తిప్పితే చల్లగాలే వచ్చింది. అద్దం లోపలివైపు మసకేసింది. ఒక చేత్తో తుడుచుకుంటూ, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఆ మలుపులు ఎలా దాటానో. వెనక సీట్లో అమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని కూడా వణుకుతూనే ఉంది. ఆ వణుకే నన్ను ఇక్కడికి తెచ్చింది.

మేస్త్రి డ్యాష్‌బోర్డు జోలికే పోలేదు. బానెట్ ఎత్తి, ఇంజను వెనక లోపలికి దూరే రెండు రబ్బరు పైపులు చూపించాడు. ఇంజను వేడెక్కినాక హీటర్ పూర్తిగా తిప్పించి, "రెండూ పట్టుకోండి" అన్నాడు. ఒకటి చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. రెండోది గోరువెచ్చగా కూడా లేదు. "వేడినీళ్లు లోపలికి పోయే దోవ పూడిపోయింది. అంతే."

కారు హీటరుకు సొంత పొయ్యి లేదు. కాలిన ఇంధనంలో సుమారు మూడో వంతే బండిని నడుపుతుంది. మిగతాది వేడిగా మారి కొంత పొగగొట్టం గుండా, కొంత ఇంజను చుట్టూ తిరిగే నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లలో కొన్ని డ్యాష్‌బోర్డు వెనక పుస్తకమంత ఉండే చిన్న రేడియేటరులోకి వస్తాయి. దాన్నే హీటర్ కోర్ అంటారు. బ్లోయర్ దాని మీదుగా గాలి తోలితే మనకు వెచ్చదనం. ఎలాగూ వృథా అయ్యే వేడే కాబట్టి దానికి వేరే ఖర్చు దాదాపు లేదు. ఎలక్ట్రిక్ కార్లకు ఆ వెసులుబాటు లేదు. వాటిలో హీటర్ బ్యాటరీనే తింటుంది, అందుకే చలిదేశాల్లో ఒక చార్జింగుకు నడిచే దూరం తగ్గిపోతుంది.

ఇంజను బాగా చల్లారినాకే మూత తీశాడు. కిందికి వదిలితే పచ్చగానో ఎర్రగానో రావాల్సిన కూలెంట్ తుప్పు రంగులో వచ్చింది. "ఏం నీళ్లు పోశారు?" అని అడిగాడు. దాచకుండా చెప్పాను. ఎండాకాలం దారిలో ఎక్కడ తగ్గితే అక్కడ బోరునీళ్లు.

ఆయన ముఖంలో నిజమైన బాధ కనపడింది. "ఈ నేల సంగతి మీకు తెలీదా సార్? ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు పెట్టినారు? మనిండ్లలో పరిచే కడప బండ ఏంది? అంతా సున్నపురాయే కదా. ఆ సున్నమే బోరునీళ్లలో కలిసి వస్తాండాది." నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగున తెల్లగా గార కట్టడం ఈ సీమలో ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఇంజనులోనూ జరిగేది అదే. హీటర్ కోర్ గొట్టాలు సన్నం. వాటిలో గార చేరితే ఎక్కువ కాలం పట్టదు, దారి మూసుకుపోతుంది. రెండు పైపులూ విప్పి, నీళ్లు తిరిగి వచ్చే వైపు నుంచి నెమ్మదిగా ఎదురు నీళ్లు పట్టాడు. మొదట చుక్కలు, తర్వాత బురద, ఆ తర్వాత పెచ్చులు. ఒక పెచ్చు తీసి నా అరచేతిలో పెట్టాడు. నలిపితే సుద్దముక్కలా పొడైంది.

అంతటితో అయిపోలేదు. థర్మోస్టాట్ ఉండాల్సిన గూడు ఖాళీ. ఎన్నడో ఒక షెడ్డులో "ఇంజను చల్లగా ఉంటుంది" అని తీసేశారు. మన ఎండలకు భయపడి చేసే పనే ఇది, చాలా తప్పు పని. కొత్తది తెప్పించి, టీ కాచే స్టవ్ మీద గిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేశాడు. నీళ్లు సలసలమనే ముందే దాని నడుమ తట్ట మెల్లగా పైకి లేచింది. లోపల మైనం ఉంటుంది. 80 డిగ్రీలు దాటితే కరిగి, ఉబ్బి, రేడియేటర్ దారి తెరుస్తుంది. అంతదాకా నీళ్లను ఇంజను దగ్గరే తిప్పి తొందరగా వేడెక్కిస్తుంది. అది లేని ఇంజను చలికాలంలో సరిగా వేడెక్కదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. హీటర్ గోరువెచ్చన దాటదు.

డిస్టిల్డ్ వాటర్ సగం, కూలెంట్ సగం కలిపి పోశాడు. ఆ పాళ్లలో కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. కమలాపురానికి అది అక్కర లేదు గానీ, తొందరగా మరగకపోవడం, లోపల తుప్పు పట్టకపోవడం మనకే ఎక్కువ కావాలి. పోసినాక ముందు చక్రాలు మిట్టకెక్కించి, మూత తీసి, హీటర్ పూర్తిగా తిప్పి, బుడగలు ఆగేదాకా ఇంజను నడిపాడు. గాలి మిగిలితే డ్యాష్‌బోర్డు వెనక గుడగుడ వినిపిస్తుందట, ఆగిన చోట హీటర్ చల్లబడి, యాక్సిలరేటర్ తొక్కితే మళ్లీ వెచ్చబడుతుందట. అద్దం మసకేస్తే హీటరుతో పాటు ఏసీ కూడా వేసి, బయటి గాలిని అద్దం మీదికి తిప్పాలని చెప్పాడు. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. లంబసింగిలో ఈ ఒక్క ముక్క తెలిసుంటే హీటర్ చెడినా అద్దమన్నా తేటపడేది.

"ఇంకోటి సార్. గువ్వలచెరువు ఘాట్లో ఇంజను కాగి ముల్లు పైకి పోతే ఏసీ ఆపి హీటర్ ఫుల్లుగా పెట్టండి. అది ఇంకో చిన్న రేడియేటరు కదా, వేడి లాగుతుంది. మనకు చెమట పట్టినా ఇంజను బతుకుతుంది." ఎండాకాలంలో హీటర్ ఎందుకని కోర్‌ను తప్పించి పైపులు కలిపేసేవాళ్లు పోగొట్టుకునేది ఇదే.

మిట్టమధ్యాహ్నం, బయట 40 దాటిన ఎండలో, గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టాను. వేడిగాలి చురుక్కుమంది. ఈ చలికాలం అమ్మను హార్స్‌లీ హిల్స్ తీసుకుపోవాలి.

పక్కన కుర్రాడు పాత కూలెంట్ పళ్లేన్ని అలాగే వదిలి చేతులు కడుక్కోబోయాడు. మేస్త్రి కేకేశాడు. "మూత పెట్రా అబ్బీ. అది తియ్యగా ఉంటాది, కుక్క నాకితే సచ్చిపోతాది." వేపచెట్టు కింద పడుకున్న కుక్క చెవులు రిక్కించి చూసింది. కుర్రాడు పళ్లేన్ని డబ్బాలోకి ఒంపి, మూత బిగించి, షెడ్డు లోపలికి తీసుకుపోయాడు.